ఆంకెతిల్ - పూలిదోర్ స్పర్ధ

ఆంకెతిల్ - పూలిదోర్ స్పర్ధ 1960వ దశకంలో ఫ్రాన్సు దేశపు సైకిల్ పందేల అభిమానులను రెండు పక్షాలుగా చీల్చిన పోటీ. జాక్ ఆంకెతిల్ (జనవరి 8, 1934 - నవంబరు 18, 1987), రేమోన్ పూలిదోర్ (ఏప్రిల్ 15, 1936 - నవంబరు 13, 2019) అనే ఇద్దరు ఫ్రెంచి వృత్తి సైక్లిస్టుల మధ్య ఇది నడిచింది. సైకిల్ పందేలలో అత్యంత ప్రసిద్ధమైన టూర్ డి ఫ్రాన్స్‌ను ఆంకెతిల్ ఐదు పర్యాయాలు గెలిచాడు. పూలిదోర్ అదే పందెంలో పద్నాలుగు పర్యాయాలు పాల్గొని ఒక్కసారి కూడా గెలవలేదు. అంతే కాదు, మొదటి స్థానంలో ఉన్నవాడు తొడుక్కొనే పసుపు జెర్సీని అతడు ఒక్క రోజైనా ధరించలేదు. అయినప్పటికీ ప్రజాదరణలో పూలిదోర్‌దే పైచేయి. దారి పొడవునా నిలబడిన జనం చప్పట్లు కొట్టింది పూలిదోర్‌కు, ఈలలు వేసి ఎగతాళి చేసింది ఆంకెతిల్‌ను. విజేతను కాదని పరాజితుని తలకెత్తుకున్న ఈ అభిమానానికి కారణమేమిటని ఫ్రాన్సులో పాత్రికేయులు, చరిత్రకారులు ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు. ఈ స్పర్ధ 1964 టూర్‌లో పరాకాష్ఠకు చేరింది.

పందెం స్వరూపం

అభిమానుల వాదోపవాదాలు అర్థం కావాలంటే ముందుగా పందెం నియమాలు కొంత తెలియాలి. టూర్ డి ఫ్రాన్స్ 1903లో లోటో అనే క్రీడాపత్రిక తరఫున ఆంరీ దెగ్రాంజ్ ప్రారంభించిన పందెం. ఇది సుమారు మూడు వారాల పాటు అంచెలంచెలుగా సాగుతుంది. ప్రతిరోజూ ఒక ఊరినుండి మరొక ఊరికి తొక్కుతారు. ఏ రోజుకారోజు విజేత వేరు, మొత్తం పందెం విజేత వేరు. అన్ని అంచెలకు పట్టిన కాలాన్ని కలిపి చూసినప్పుడు ఎవరిది తక్కువో వారే అంతిమ విజేత. కనుక ఒక్క అంచెలోనూ మొదటివాడుగా రాకుండానే మొత్తం పందెం గెలిచే అవకాశం ఉంది. ఏ రోజుకు ఎవరి మొత్తం కాలం తక్కువగా ఉందో వారు మరునాడు పసుపు జెర్సీ తొడుక్కుంటారు. ఈ ఆచారం 1919లో మొదలయింది.

మైదాన ప్రాంతాలలో పందెగాళ్ళు పెద్దగుంపుగా సాగుతారు. ముందున్నవాడు గాలిని చీల్చుకొని పోతుంటే వెనుకనున్నవాడికి శ్రమ చాలా తగ్గుతుంది. అందువల్ల చదునైన దారిలో ఎంత బలశాలి అయినా గుంపును విడిచి దూరం పోవడం కష్టం. తేడా తేలేది రెండే చోట్ల. ఒకటి పర్వతాలు, రెండవది టైమ్ ట్రయల్. టైమ్ ట్రయల్ అంటే ఒక్కొక్కరినీ కొంత వ్యవధితో విడిచిపెట్టి ఒంటరిగా తొక్కించి కాలాన్ని కొలిచే అంచె. ఇందులో తోడు ఉండదు, వెనుక దాగడానికి చోటు ఉండదు. వీటికి తోడు కాలపు బోనస్ అనే నియమం ఒకటి ఉంది. 1964లో మామూలు అంచె గెలిచినవాడి మొత్తం కాలం నుండి 1 నిమిషం, రెండవవాడికి 30 సెకన్లు తగ్గించేవారు. టైమ్ ట్రయల్‌లో ఈ తగ్గింపు 20 సెకన్లు, 10 సెకన్లు. ఈ అంకెలను పాఠకులు గుర్తుంచుకోవాలి. కథంతా వీటిమీదనే తిరుగుతుంది.

1930 నుండి 1961 వరకు ఈ పందెంలో జాతీయ జట్లు పాల్గొనేవి. 1962లో ఆ పద్ధతి పోయి వాణిజ్య సంస్థల జట్లు మళ్ళీ వచ్చాయి. పాత పద్ధతే కొనసాగి ఉంటే వీరిద్దరూ ఫ్రాన్సు జట్టులో పక్కపక్కన తొక్కవలసి వచ్చేది. కొత్త పద్ధతిలో ఒకరు సేన్ రఫాయెల్ అనే మద్యం పేరిట నడిచే జట్టుకు, మరొకరు మెర్సియే అనే సైకిళ్ళ సంస్థ జట్టుకు నాయకులై ఎదురెదురుగా నిలిచారు.

ఆంకెతిల్

ఆంకెతిల్ ఉత్తర ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంవాడు. తండ్రి స్ట్రాబెర్రీ తోటలు సాగుచేసేవాడు. 19 ఏళ్ళ వయసులో, 1953లో, గ్రాన్ ప్రీ దె నాసియోన్ అనే సుప్రసిద్ధ టైమ్ ట్రయల్ గెలిచి అందరినీ ఆశ్చర్యపరచాడు. తరువాత అదే పందేన్ని మొత్తం తొమ్మిదిసార్లు గెలిచాడు. 1956లో మిలాన్ నగరంలో ఒక గంటలో 46.159 కిలోమీటర్లు తొక్కి, ఇటలీ వీరుడు ఫౌస్తో కోపీ పేరిట 14 ఏళ్ళుగా నిలిచిన రికార్డును అధిగమించాడు. 1957లో తొలిసారి టూర్ బరిలో దిగి అప్పుడే గెలిచాడు. ఆపైన 1961 నుండి 1964 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచాడు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిన్ దేశాల మూడు మహా పందేలనూ గెలిచిన మొదటి వ్యక్తి ఇతడే.

ఇన్ని విజయాలున్నా జనం ఎందుకు మెచ్చలేదు? అతని పద్ధతి అందుకు ఒక కారణం. టైమ్ ట్రయల్‌లో ప్రత్యర్థులపై కొన్ని నిమిషాలు సంపాదించడం, పర్వతాలలో ఆ నిమిషాలు పోకుండా కాపాడుకోవడం. అవసరమైనంత మేరకే శ్రమించేవాడు, అంతకు మించి ఒక్క అడుగు వేసేవాడు కాదు. 1961లో మొదటి రోజునే పసుపు జెర్సీ సంపాదించి చివరి రోజు వరకు విడవలేదు. ఆ ఏడాది పందెం ఎంత నిస్సారంగా సాగిందంటే, అతనిని ఎదిరించడానికి సాహసించని తక్కిన పందెగాళ్ళను టూర్ నిర్వాహకుడు జాక్ గొదే తన పత్రికలో మరుగుజ్జులతో పోల్చాడు. జనం కోపం మాత్రం గెలిచినవాడి మీదకే పోయింది.

నిజానికి ఈ వైరం పూలిదోర్ రాకకు ముందే మొదలయింది. 1959లో సాటి ఫ్రెంచివాడైన ఆంరీ ఆంగ్లాద్‌కు గెలిచే అవకాశం ఉండగా, అతడు గెలవడం కంటె స్పెయిన్ దేశస్థుడు బహమోంతెస్ గెలవడమే మేలని ఆంకెతిల్ ఉపేక్షించాడన్న అపవాదు వచ్చింది. పందెం చివర పారిస్ స్టేడియంలో ప్రేక్షకులు అతనిని ఈలలతో అవమానించారు. ఆంకెతిల్ తరువాత ఒక పడవ కొని దానికి "ఈలలు 59" అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. ఆ అవమానాన్ని నవ్వుతూ మోసినట్లు కనిపించినా మరచిపోలేదని ఆ పేరే చెబుతుంది.

పూలిదోర్

పూలిదోర్ మధ్య ఫ్రాన్సులోని లిమూజాన్ ప్రాంతంవాడు. క్రూజ్ జిల్లాలో మస్బరో మెరిన్యా అనే పల్లెలో పుట్టాడు. తల్లిదండ్రులు పరుల భూమిని పాలికి చేసుకొనే రైతులు. పొలం పనులలోనే పెరిగాడు. సైన్యంలో నిర్బంధ సేవకు పిలుపు వచ్చేవరకు రైలు ఎక్కి ఎరుగడు. అల్జీరియాలో ఆ సేవ ముగించుకొని వచ్చి 1960లో వృత్తి సైక్లిస్టు అయ్యాడు. 1977లో విరమించేవరకు మెర్సియే జట్టును విడవలేదు. ఆ జట్టు నిర్వాహకుడు ఆంతొనిన్ మాన్ 1931లోను, 1934లోను టూర్ గెలిచినవాడు, మితభాషి, జాగ్రత్తపరుడు.

1961లో మిలాన్ - సాన్ రేమో పందెం గెలవడంతో పూలిదోర్ పేరు మారుమ్రోగింది. 1962లో చేతివేలు విరిగి కట్టు కట్టించుకొని కూడా తొలి టూర్‌లో మూడవ స్థానంలో వచ్చాడు. జనం మనసులో అతని చిత్రం ఆ ఏడాదే స్థిరపడింది: గాయపడినా విడవని పల్లెటూరి మనిషి. మరుసటి ఏడాది ఎనిమిదవ స్థానానికి పడిపోయినా ఆ చిత్రం చెరగలేదు. అభిమానులు అతనిని ముద్దుగా "పూపూ" అని పిలిచేవారు.

అభిమానుల వాదాలు

ఆ రోజులలో ప్రతి జూలైలోను కాఫీ దుకాణాలలో, పొలం గట్ల మీద, కుటుంబాల భోజనపు బల్లల వద్ద ఇదే చర్చ. ట్రాన్సిస్టర్ రేడియోలు వ్యాపించిన కాలం కావడంతో పందెం సాగుతుండగానే వార్తలు మారుమూల పల్లెలకు చేరేవి. చర్చ పైకి "ఈ ఏడు గెలుపెవరిది?" అని మొదలయినా, త్వరలోనే "గెలవవలసినది ఎవరు?" అన్న వేరే ప్రశ్నలోకి జారిపోయేది.

ఆంకెతిల్ పక్షం వారి వాదం సూటియైనది. పందెం గడియారంతో జరుగుతుంది, గడియారానికి బంధుత్వం లేదు. గాలి చాటు లేని టైమ్ ట్రయల్‌లో గెలిచేవాడే అసలైన బలశాలి. శక్తిని పొదుపుగా వాడుకోవడం నేరమెలా అవుతుంది? సైకిలు మీద అతని భంగిమ ఎంత నిశ్చలంగా ఉండేదంటే పడుతున్న బాధ బయటకు కనిపించేది కాదు. కనిపించనంత మాత్రాన బాధ లేదనుకోవడం చూసేవారి పొరపాటు.

పూలిదోర్ పక్షం వారు శ్రమను చూసి మెచ్చేవారు. అతని చెమట, అతని ఎండకు కమిలిన ముఖం, అతని దురదృష్టం అన్నీ తమవే అనుకున్నారు. చరిత్రకారుడు మిషెల్ వినోక్ ఈ స్పర్ధలో రెండు ఫ్రాన్సుల ఘర్షణను చూశాడు. యుద్ధం తరువాత వేగంగా మారిపోతున్న దేశంలో యంత్రాలు, లెక్కలు, సామర్థ్యం వైపు నడిచే ఫ్రాన్సుకు ఆంకెతిల్ ప్రతీక అయ్యాడు, ఖాళీ అవుతున్న పల్లెల ఫ్రాన్సుకు పూలిదోర్ ప్రతీక అయ్యాడు. ఈ వివరణ బాగున్నది గాని పూర్తిగా నమ్మదగినది కాదేమో. స్ట్రాబెర్రీ రైతు కొడుకు కూడా పల్లెవాడే కదా. పైగా డబ్బు విషయంలో పూలిదోర్ ఎంతో జాగ్రత్తపరుడు. టూర్ ముగిశాక ఊరూరా జరిగే ప్రదర్శన పందేలలో అతనికి ముట్టే పారితోషికం విజేతకు ముట్టేదానికి తీసిపోయేది కాదు. ఇది ఆంకెతిల్‌కు మింగుడుపడని విషయం. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడన్న మన సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

1964 టూర్

ఆ సంవత్సరం ఇద్దరూ గెలుపుతోనే వచ్చారు. పూలిదోర్ మే నెలలో స్పెయిన్ మహా పందెం గెలిచాడు. ఆంకెతిల్ జూన్‌లో ఇటలీ మహా పందెం గెలిచి, కొద్దిరోజుల విశ్రాంతితోనే టూర్‌కు వచ్చాడు. ఒకే ఏడాదిలో ఇటలీ, ఫ్రాన్సు పందేలు రెండూ గెలవడం అంతకు ముందు కోపీకి మాత్రమే (1949, 1952) సాధ్యమయింది. పందెం జూన్ 22న రెన్ నగరంలో మొదలయింది.

మొనాకో: తొమ్మిదవ అంచె మొనాకో స్టేడియంలో ముగిసింది. స్టేడియంలోకి వచ్చాక ట్రాక్ చుట్టూ ఇంకా ఒక చుట్టు తిరగవలసి ఉండగా, గమ్యం వచ్చేసిందనుకొని పూలిదోర్ ముందుగానే తన బలమంతా వెచ్చించి ఆగిపోయాడు. అసలు చుట్టులో ఆంకెతిల్ గెలిచి 1 నిమిషం బోనస్ పొందాడు. ఈ నిమిషాన్ని అభిమానులు జీవితాంతం మరువలేదు.

తూలూజ్: అండొర్రాలో విశ్రాంతి దినం వచ్చింది. తక్కినవారు కాళ్ళు బిగుసుకుపోకుండా కొంతదూరం తొక్కిరాగా, ఆంకెతిల్ కాల్చిన గొర్రె మాంసపు విందుకు వెళ్ళాడు. పందెం మొదలు కాకముందే ఒక జ్యోతిష్కుడు, ఈ అంచె ప్రాంతంలో ఆంకెతిల్‌కు ప్రాణగండమున్నదని పత్రికలో ప్రకటించి ఉన్నాడు. ఆ మాట అతని మనసులో నాటుకొన్నదని సన్నిహితులు చెప్పేవారు. మరునాడు పద్నాలుగవ అంచె బయలుదేరిన వెంటనే 2,408 మీటర్ల ఎత్తైన ఎన్వలీరా కనుమ ఎక్కవలసి వచ్చింది. విందు బరువో, జ్యోతిషం బరువో, ఆంకెతిల్ వెనుకబడిపోయాడు. శిఖరం చేరేసరికి పూలిదోర్ కంటె సుమారు నాలుగు నిమిషాలు వెనుక. పందెం వదిలివేస్తాడని అందరూ అనుకున్నారు. జట్టు నిర్వాహకుడు రఫాయెల్ జెమినియాని గట్టిగా మందలించి ముందుకు పంపాడు. దట్టమైన పొగమంచులో, దారి కనపడని దిగుడులో, ప్రమాదానికి తెగించి దిగి ఆంకెతిల్ ముందున్న గుంపును అందుకున్నాడు. లెక్కల మనిషి అని పేరుపడ్డవాడు చేసిన పని ఇది. అతని విమర్శకులు ఈ దిగుడును ఎందుకో అంతగా తలచుకోరు.

అదే రోజు చివర తూలూజ్ సమీపిస్తుండగా పూలిదోర్ చక్రపు పుల్లలు విరిగాయి. సైకిలు మార్చుకొని ఎక్కుతుంటే తొందరలో మెకానిక్ తోసిన తోపుకు కింద పడ్డాడు. ముందున్నవారు దొరకలేదు. నాలుగు నిమిషాలు గెలవవలసిన రోజున 2 నిమిషాల 36 సెకన్లు పోగొట్టుకున్నాడు.

ల్యూషోన్, బయోన్: మరునాడే పూలిదోర్ పిరనీ పర్వతాలలో విజృంభించి ల్యూషోన్ అంచె గెలిచాడు. ఆంకెతిల్‌పై 1 నిమిషం 43 సెకన్లు, బోనస్ మరొక నిమిషం లభించాయి. ఇద్దరి మధ్య తేడా 9 సెకన్లకు తగ్గింది. అప్పటివరకు పసుపు జెర్సీ ఆంకెతిల్ జట్టువాడూ పూలిదోర్ జట్టువాడూ కాని జార్జ్ గ్రూసార్ వద్ద ఉంది. పదిహేడవ అంచె బయోన్ వరకు టైమ్ ట్రయల్. ఆంకెతిల్ గెలిచి పసుపు జెర్సీ తీసుకున్నాడు. పూలిదోర్ దారిలో పంక్చర్ అయినా 37 సెకన్ల తేడాతో రెండవ స్థానంలో నిలిచాడు. బోనసులు కలిపితే ఇప్పుడు తేడా 56 సెకన్లు.

పుయి ద దోమ్: జూలై 12, ఆదివారం. క్లెర్మోఁ ఫెరాన్ నగరం పక్కన 1,465 మీటర్ల ఎత్తున నిలిచిన చల్లారిన అగ్నిపర్వతం పుయి ద దోమ్. కొండ చుట్టూ మర పట్టినట్లు తిరుగుతూ పోయే దారి చివరి కిలోమీటర్లలో మిక్కిలి నిట్రంగా ఉంటుంది. ఆ రోజు కొండ మీద సుమారు ఐదు లక్షల మంది జనం చేరారని అంచనా.

స్పెయిన్ దేశపు కొండవీరులు హూలియో హిమెనెజ్, ఫెదెరికో బహమోంతెస్ ముందుకు వెళ్ళిపోయారు. వెనుక మిగిలిన ఆంకెతిల్, పూలిదోర్ జనసముద్రం మధ్యనుండి పక్కపక్కనే ఎక్కసాగారు. ఇక్కడ ఆంకెతిల్ చేసినది గమనించదగినది. అలసినవాడు సాధారణంగా ప్రత్యర్థి వెనుక చక్రం పట్టుకొని పోతాడు. అతడు అలా చేయలేదు. కొండవైపు అంచున, పూలిదోర్‌కు సరిసమానంగా, మోచేయి మోచేయి రాసుకొనేటట్లు తొక్కాడు. తనలో ఇంకా సత్తువ ఉన్నదని ఎదుటివాడు నమ్మాలని అతని ఎత్తు. ఆ క్షణంలో తీసిన ఛాయాచిత్రం సైక్లింగు చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన వాటిలో ఒకటి. ఇద్దరూ ఒకరిమీద ఒకరు ఒరిగి ఉన్నారు, ఎవరూ ఎవరినీ చూడడం లేదు.

శిఖరం ఇంకా ఒక కిలోమీటరు లోపు ఉన్నదనగా ఆంకెతిల్ చక్రం మెల్లగా వెనుకబడింది. పూలిదోర్ ముందుకు దూసుకుపోయాడు. హిమెనెజ్ మొదటివాడు, బహమోంతెస్ రెండవవాడు, పూలిదోర్ మూడవవాడు. ఆంకెతిల్ ఐదవవాడుగా పూలిదోర్ కంటె 42 సెకన్లు ఆలస్యంగా చేరాడు. 56 లోంచి 42 పోగా మిగిలినవి 14 సెకన్లు. పసుపు జెర్సీ చేతికందినట్లే అంది జారిపోయింది.

పారిస్: జూలై 14, ఫ్రాన్సు జాతీయ దినోత్సవం నాడు వెర్సాయ్ నుండి పారిస్‌కు 27.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌తో పందెం ముగిసింది. ఆంకెతిల్ పూలిదోర్ కంటె 21 సెకన్లు ముందు వచ్చాడు, గెలిచినందుకు బోనస్ 20 సెకన్లు. 14, 21, 20 కలిపితే 55. సుమారు 4,500 కిలోమీటర్ల పందెం తరువాత ఇద్దరి మధ్య తేడా 55 సెకన్లు. అప్పటికి టూర్ చరిత్రలో ఇంత తక్కువ తేడాతో ఎవరూ గెలిచి ఉండలేదు.

55 సెకన్ల లెక్క

ఈ 55 సెకన్లు అభిమానులకు అంతులేని లెక్కల పుస్తకం అయ్యాయి. మొనాకోలో ఆంకెతిల్‌కు దక్కిన బోనస్ 60 సెకన్లు, అంటే అంతిమ తేడా కంటె 5 సెకన్లు ఎక్కువ. ఒక చుట్టు లెక్క తప్పడం వల్లనే టూర్ పోయిందన్నది ఒక వాదం. తూలూజ్ వద్ద మెకానిక్ తొందర లేకపోతే అన్నది మరొక వాదం. బయోన్‌లో పంక్చర్ కాకపోతే అన్నది ఇంకొకటి. పుయి ద దోమ్‌పై పూలిదోర్ ముందుగా బయలుదేరి స్పెయిన్ వారిని దాటి అంచె గెలిచి ఉంటే 42 సెకన్లకు 60 సెకన్ల బోనస్ తోడై ఆ సాయంత్రమే పసుపు జెర్సీ అతనిదయ్యేది. ఆఖరి కిలోమీటరు దాకా అతడు ఎందుకు ఆగాడన్న ప్రశ్నకు పక్కన తొక్కుతున్న ఆంకెతిల్ ముఖమే జవాబు. ఆ ముఖంలో అలసట చదవలేకపోయాడు.

అయితే ఇటువంటి లెక్కలు ఒకవైపే వేయడం న్యాయం కాదు. బోనసుల నియమం ఇద్దరికీ ఒకటే. ల్యూషోన్‌లో పూలిదోర్ కూడా ఒక నిమిషం పొందాడు. ఇటలీలో మూడు వారాలు తొక్కివచ్చిన అలసట ఆంకెతిల్ వైపు ఉంది. ట్రాక్ మీద ఎన్ని చుట్లు మిగిలాయో తెలుసుకోవడం పందెగాని పనిలో భాగమే. దురదృష్టం అన్న మాటలో పూలిదోర్ ఏమరుపాటు కూడా కొంత దాగి ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

తరువాతి సంవత్సరాలు

1965లో ఆంకెతిల్ టూర్‌కు రాలేదు. ఆరవసారి గెలిచినా తనకు కొత్తగా వచ్చేది లేదని, ఓడితే పోయేది చాలా ఉందని అతనికి తెలుసు. దానికి బదులు జెమినియాని ప్రోద్బలంతో ఒక విచిత్ర సాహసం చేశాడు. ఎనిమిది రోజుల దొఫినే పందెంలో పూలిదోర్‌ను ఓడించి, ఆ సాయంత్రమే విమానంలో బోర్డో చేరి, అర్ధరాత్రి మొదలయ్యే 550 కిలోమీటర్లకు పైబడిన బోర్డో - పారిస్ పందెంలో పాల్గొని దానినీ గెలిచాడు. పారిస్‌లో ఆ రోజు జనం అతనికి మనసారా జేజేలు పలికారు. ఐదు టూర్ విజయాలు సంపాదించి పెట్టలేని ఆదరణ ఒక రాత్రి నిద్రలేని శ్రమ వల్ల లభించింది.

ప్రత్యర్థి లేని ఆ ఏడాది టూర్ పూలిదోర్‌దే అని అందరూ తీర్మానించుకున్నారు. అయితే 22 ఏళ్ళ ఇటలీ యువకుడు ఫెలీచె జిమోండీ గెలిచి అందరి అంచనాలు తారుమారు చేశాడు. పూలిదోర్‌ది 2 నిమిషాల 40 సెకన్ల తేడాతో మళ్ళీ రెండవ స్థానం. 1966లో ఇద్దరూ తిరిగి తలపడ్డారు. తనకు గెలుపు సాధ్యం కాదని గ్రహించిన ఆంకెతిల్ తన జట్టులోని లూసియన్ ఎమార్‌కు సహకరించి, తాను అనారోగ్యంతో మధ్యలో విరమించాడు. ఎమార్ గెలిచాడు, పూలిదోర్ మూడవవాడు. ఈ స్పర్ధలో కాస్త చేదుగా అనిపించే ఘట్టం ఇదే.

అదే టూర్‌లో బోర్డో వద్ద మొట్టమొదటిసారి ఉత్ప్రేరకాల పరీక్ష జరిగింది. ముందుగా పరీక్షకు గురైనవాడు పూలిదోర్. మరునాడు పందెగాళ్ళు సైకిళ్ళు దిగి నడిచి నిరసన తెలిపారు. ఉత్ప్రేరకాల వాడకాన్ని ఆంకెతిల్ ఏనాడూ దాచలేదు, బహిరంగంగానే సమర్థించాడు. 1967లో అతడు మళ్ళీ సాధించిన గంట రికార్డు (47.493 కిలోమీటర్లు) పరీక్షకు నిరాకరించినందువల్ల ఆమోదం పొందలేదు. 1969లో పందేల నుండి విరమించాడు.

పూలిదోర్ మాత్రం సాగుతూనే ఉన్నాడు. 1967లో జట్టు సహచరుడు రోజే పెంజోన్ గెలుపుకు తోడ్పడ్డాడు. 1968లో ఒక మోటారు సైకిలు ఢీకొనడంతో వైదొలగవలసి వచ్చింది. తరువాత ఎడీ మెర్క్స్ యుగం వచ్చింది. 1973లో తొలిరోజు చిన్న టైమ్ ట్రయల్‌లో ఒక్క సెకను కంటె తక్కువ తేడాతో పసుపు జెర్సీ తప్పిపోయింది. 1974లో 38 ఏళ్ళ వయసులో మెర్క్స్ వెనుక రెండవ స్థానం, 1976లో 40 ఏళ్ళ వయసులో మూడవ స్థానం.

"నిత్య ద్వితీయుడు" అన్న పేరు

ఫ్రెంచి భాషలో పూలిదోర్ అన్న పేరు ఎప్పుడూ రెండవ స్థానంలో మిగిలిపోయేవాడికి పర్యాయపదం అయింది. ఎన్నికలలో పదేపదే ఓడిన నాయకులకు కూడా ఈ పేరు తగిలిస్తారు. అంకెలు చూస్తే ఇది అంత సరైనది కాదు. టూర్‌లో అతడు రెండవ స్థానంలో వచ్చినది మూడుసార్లు మాత్రమే (1964, 1965, 1974). మూడవ స్థానం ఐదుసార్లు (1962, 1966, 1969, 1972, 1976). హాలండుకు చెందిన యూప్ జూటెమెల్క్ ఆరుసార్లు రెండవవాడుగా వచ్చాడు. అయితే 1980లో గెలిచాడు గనుక అతనికి ఆ పేరు రాలేదు. పూలిదోర్ గెలిచిన పందేల పట్టిక కూడా చిన్నది కాదు. మిలాన్ - సాన్ రేమో, స్పెయిన్ మహా పందెం, ఫ్లెష్ వలోన్, దొఫినే రెండుసార్లు, 1972లోను 1973లోను పారిస్ - నీస్, టూర్‌లో ఏడు అంచెలు. వేరే దేశంలో, వేరే కాలంలో పుట్టి ఉంటే మహావిజేతగానే చరిత్రకెక్కేవాడు.

అనంతరం

విరమణ తరువాత ఇద్దరూ స్నేహితులయ్యారు. ఆంకెతిల్ ఉదరకోశ క్యాన్సర్‌తో 1987లో 53 ఏళ్ళకే మరణించాడు. చివరి రోజులలో తనతో మాట్లాడుతూ, ఈ విషయంలో కూడా నీవు నా తరువాతనే వస్తావు అన్న భావం వచ్చేటట్లు ఛలోక్తి విసిరాడని పూలిదోర్ పలుమార్లు చెప్పాడు. పూలిదోర్ మరి 32 ఏళ్ళు జీవించాడు. ఏటా టూర్ వెంట తిరుగుతూ, పసుపు జెర్సీకి ప్రాయోజకత్వం వహించే బ్యాంకు తరఫున పసుపు చొక్కా తొడుక్కొని అభిమానులకు సంతకాలు పెట్టేవాడు. 2019 టూర్‌లో కూడా కనిపించాడు. ఆ నవంబరులో తాను స్థిరపడిన సేన్ లెయొనార్ ద నొబ్లా ఊరిలో కన్నుమూశాడు.

అతని కుమార్తె కోరిన్ హాలండు సైక్లిస్టు ఆద్రీ వాన్ దెర్ పూల్‌ను వివాహమాడింది. ఆద్రీ 1984లో ఒక రోజు పసుపు జెర్సీ ధరించాడు. వారి కుమారుడు మత్యూ వాన్ దెర్ పూల్ 2021లో తన మొదటి టూర్ రెండవ అంచె గెలిచి పసుపు జెర్సీ అందుకున్నాడు. తాతగారిని తలచుకొని కంటతడి పెట్టుకున్నాడు. ఆ జెర్సీ ఆరు రోజుల పాటు అతని వద్ద ఉంది.

పుయి ద దోమ్ కొండపైకి 1988 తరువాత టూర్ 35 ఏళ్ళ పాటు వెళ్ళలేదు. 2023 జూలై 9న తిరిగి వెళ్ళింది. ఆ రోజు అంచె సేన్ లెయొనార్ ద నొబ్లా నుండి బయలుదేరింది.